తీసేయాల్సిన వెలుగు

ప్రియమైన తీసివేత గారికి,

ఆదివారం ఫోన్లో ఈ సంగతి చెప్పలేదని అలగకు. ఫోన్లో ఇంటి సంగతులు, ఉత్తరంలో మన సంగతులు అని నియమం పెట్టింది నువ్వే. అమ్మ మాత్రలు, వంటగది కుళాయి, మేడమీద కారే మూల, ఇవన్నీ అయ్యేసరికి ఇద్దరికీ ఆవులింతలు మొదలవుతాయి. ఇది ఆవులింతల మధ్య చెప్పే కబురు కాదు.

దొరికింది. నిజంగానే దొరికింది. మేం చూస్తున్న ఆ రాతి గ్రహం చుట్టూ హైడ్రోజన్ ఉంది.

నీకు తెలిసిన పాఠమే మళ్లీ చెప్తున్నానని నవ్వకు. బయటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పే పని మా ఆఫీసు పెద్దాయన నా నెత్తిన పెట్టారు. ముందు నీమీద, అమ్మమీద ప్రయోగిస్తున్నాను. కాబట్టి ఇది అమ్మకు చదివి వినిపించు. ఎక్కడో ఒక నక్షత్రం. దాని ముందు నుంచి మన భూమిలా గట్టి నేల ఉన్న గ్రహం ఒకటి దాటుతూ ఉంటుంది. అది దాటిన ప్రతిసారీ, మన కంటికి ఆనని ఒక రంగులో ఆ నక్షత్రం మసకబారుతోంది. రాయి ఒక్కటే అడ్డం వస్తే అంత మసక రాదు. రాయి చుట్టూ చాలా దూరం వరకు పలుచని వాయువు పరుచుకుని ఉండాలి. అదే హైడ్రోజన్. ఎండ దెబ్బకు నీటి ఆవిరి పైనెక్కడో విరిగిపోతే, అందులో తేలికపాటిది పైపైకి తేలి, గాలికి చివరి అంచులో కొన్నాళ్లు తచ్చాడి, తర్వాత ఆకాశంలోకి జారుకుంటుంది. అంటే కింద నీళ్లుండాలి. ఇన్నేళ్లలో ఎన్నో రాతి గ్రహాలను చూశాం, ఒక్కదాని దగ్గరా ఇది దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం తట్టారు. మా అధిపతి మోకాళ్ల సంగతి తెలిసినవాళ్లకే ఆ లేవడం విలువ తెలుస్తుంది. నాకు మాత్రం సంతోషం కంటే ముందు నిద్ర వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతుంటే బల్లమీద తల పెట్టి పడుకున్నాను. ఈ ఫలితం తీసేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఒకప్పుడు నిండుగా ఉండే గదిలో ఇప్పుడు నలుగురం మిగిలాం. మిగతా కుర్చీల్లో పాత ఫైళ్లు కూర్చున్నాయి. అవి కూడా నాకంటే హుషారుగా కనిపిస్తాయి.

వచ్చే నెల సమీక్ష సంఘం వస్తుంది. ఈ ఫలితం నిలబడితే మా ఉపగ్రహానికి ఇంకో మూడేళ్లు ఆయుష్షు, దానితోపాటు నాకూ ఇక్కడ మూడేళ్లు. నిలబడకపోతే ఏడాది చివర దాన్ని ఆపేస్తారు, నేను పెట్టె సర్దుకుని ఇంటికొస్తాను. రెండేళ్లకని చెప్పి వచ్చినదాన్ని, తొమ్మిదేళ్లయింది. ఏం కోరుకోవాలో నాకే తెలియడం లేదు. నువ్వు చెప్పు.

అన్నట్టు, ఎప్పటిలాగే మా లెక్కలోంచి నీ భూమి వెలుగు పట్టిక తీసేశాం. వ్యాసం చివరి పేజీలో చిన్న అక్షరాల్లో నీ పేరు ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని వెతుక్కో.

ఎప్పుడూ కూడికే కావాలనే,
నీ దొరసాని


ప్రియమైన దొరసానికి,

నీ పాఠం అత్తగారికి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నారు. అంతా అయ్యాక, "అంత దూరాన నీళ్లు ఆవిరైపోతున్నాయని కనిపెట్టిందా? పొయ్యిమీద గిన్నె పెట్టి మర్చిపోయి అడుగంటించేది ఇదేనా?" అన్నారు. అన్నారే గానీ, సాయంత్రానికి పక్కింటావిడకు, మెట్లు ఊడ్చే మనిషికి, కూరగాయలమ్మే ఆవిడకు చెప్పి వచ్చారు. ఇప్పుడు మన వీధిలో అందరికీ ఆ గ్రహం మీద నీళ్లున్నాయని తెలుసు. మన కుళాయిలో రావడం లేదని కూడా తెలుసు.

నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ మాట నేను గట్టిగా అనలేను, అది నీకు తెలుసు. ఉత్తరం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను, అక్కడ ఇంకోసారి చదువుకున్నాను.

చిన్న అక్షరాల సంగతంటావా, అలవాటైపోయింది. కూరలో కరివేపాకు బతుకు నాది. మన భూమి చుట్టూ కూడా హైడ్రోజన్ ఉంది, చందమామను దాటి పోయేంత దూరం వరకు. అది ఎండకు అదే రంగులో మెరుస్తుంది. దూరపు నక్షత్రాన్ని చూడాలనుకున్న ప్రతివాళ్లూ ఈ మెరుపులోంచే చూడాలి. అందుకని, "దీన్ని ఎంత తీసేయమంటావు?" అని నన్ను అడుగుతారు. నేను చెప్తాను. తీసేస్తారు. నూనె డబ్బాతో సహా తూచి, డబ్బా బరువు తగ్గించుకున్నట్టు. ఇదంతా అత్తగారికి వివరిస్తే, "అంటే బాబూ, నువ్వు ఇన్నేళ్లూ డబ్బా తూస్తున్నావన్నమాట" అన్నారు. నువ్వు నాకు పెట్టిన పేరు కంటే ఇది ఇంకా బాగుందేమో ఆలోచించు.

ఆఫీసు ఎప్పటిలాగే ఉంది. కింద కుర్చీలు బాగుచేసే దుకాణం, పైన మా రెండు గదులు. సుత్తి దెబ్బలకు నా టీకప్పు బల్లమీద దానంతటదే నడుస్తుంది. మేడమీద సూర్యుడి ఉగ్రత కొలిచే నా పరికరానికి కప్పిన పట్టా మళ్లీ చిరిగింది. సహాయకుడు ఉద్యోగ విరమణ చేశాక ఇంకో మనిషిని ఇవ్వలేదు, ఇవ్వరు కూడా. ప్రధాన కార్యాలయం నుంచి మళ్లీ అడిగారు, ఈ పట్టిక వాడేవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా, లేకపోతే ఆ గదులు ఎందుకు అని. మొట్టమొదట మీ బృందం పేరే రాశాను. కాబట్టి నీ గెలుపు మీద నా గదులు కూడా నిలబడి ఉన్నాయి. జాగ్రత్తగా నడువు.

ఒక్క చిన్న సంగతి. నక్షత్రం మసకబారకముందు చూసినప్పుడు మీ ఉపగ్రహం భూమికి ఏ వైపు ఉంది? పగటి వైపా, రాత్రి వైపా? మసకబారినప్పుడు ఏ వైపు ఉంది? ఊరికే అడిగాను. డబ్బావాడి చాదస్తం.

ఏం కోరుకోవాలో చెప్పమన్నావు. నీకు ఏది మంచిదో అదే జరగాలి.

అదే చిన్న అక్షరాల్లో,
నీ తీసివేత


ప్రియమైన తీసివేతకు,

ఇక నుంచి గారు లేదు. "నీకు ఏది మంచిదో అదే జరగాలి" అని రాశావు. ఇది మొగుడు పెళ్లానికి రాసే మాటేనా? బ్యాంకు గోడమీద ఇలాంటివి రాస్తారు. నేను ఇల్లు అడిగితే నువ్వు శుభాకాంక్షలు పంపావు.

నాలుగు రోజులుగా జ్వరం. పెద్దదేమీ కాదు, అమ్మకు చెప్పకు. హాస్టల్ గదిలో పడుకుని పైకప్పు చూస్తూ గడిపాను. ఈ గదికి నేను వచ్చిన కొత్తలో కర్టెన్లు కొందామనుకున్నాను. రెండేళ్లకు ఎందుకులే అని ఊరుకున్నాను. తొమ్మిదేళ్లూ కిటికీకి పాత దుప్పటే వేలాడుతోంది. పక్కగదిలో కొత్తగా చేరిన అమ్మాయి అది చూసి, "మీరు కూడా కొత్తగా వచ్చారా మేడమ్?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేం చెప్పను?

నీ డబ్బా ప్రశ్నకు జవాబు. మసకబారకముందు చూసినవన్నీ పగటి వైపు నుంచి. గ్రహం దాటుతున్నప్పుడు చూసినవన్నీ రాత్రి వైపు నుంచి. ఆ గ్రహం దాటే వేళలు అలా కుదిరాయి, వేళలు నిర్ణయించే అమ్మాయి అలాగే సర్దింది. పగటికి, రాత్రికి నీ పట్టికలో వేరువేరు అంకెలున్నాయి కదా, దేనికి దాన్నే తీశాం. నువ్వు చూసి బాగుందని ఒక ముక్క రాస్తే సంఘం ముందు పెట్టుకుంటాను.

సంఘం వచ్చే వారం వస్తుంది. పెద్దాయన రోజుకోసారి నా బల్ల దగ్గరకొచ్చి, "అంతా గట్టిగానే ఉందా అమ్మా?" అని అడుగుతున్నారు. గట్టిగానే ఉంది సార్ అంటున్నాను. ఆయన వెళ్లాక మళ్లీ మొదటి నుంచి చూసుకుంటున్నాను. అలసిపోయాను. గెలిచినా ఓడినా ముందు ఒక వారం నిద్రపోవాలి.

నిజంగా అడుగుతున్నాను, ఈసారైనా తిన్నగా చెప్పు. ఇంకో మూడేళ్లు నేను ఇక్కడుంటే నువ్వేం చేస్తావు?

జ్వరం తగ్గిన,
నీ దొరసాని


ప్రియమైన దొరసానికి,

జ్వరం సంగతి అత్తగారికి చెప్పలేదు. ఆవిడే కనిపెట్టారు, నా మొహం చూసి.

కుళాయి బాగుచేసే మనిషి ఎట్టకేలకు వచ్చాడు. కుళాయిలో తప్పేమీ లేదట, గోడలోపలి గొట్టంలో ఉందట. గోడ పగలగొట్టాడు. ఆ గొట్టంలోనూ తప్పు లేదట. మేడమీదికి వెళ్లి చూస్తే తొట్టి దగ్గర మర ఒకటి సగం మూసి ఉంది. దాన్ని తిప్పాడు, నీళ్లు వచ్చాయి. పగలగొట్టిన గోడ పూడ్చడానికి ఇంకో మనిషిని పిలవాలట, అది ఆయన పని కాదట. అత్తగారు ఆ కన్నానికి పాత క్యాలెండరు తగిలించారు. వంటగది ఇప్పుడు ఆఫీసులా ఉంది.

ఆ పూడ్చే మనిషి కోసం రెండు రోజులు సెలవు పెట్టాను. ఆయన రాలేదు. ఇంట్లోనే కూర్చున్నాను. ఎండ బాగా ఉంది.

పట్టిక గురించి ఇంకోసారి రాస్తాను. ఒళ్లు జాగ్రత్త. మాత్రలు వేసుకో.

నీ తీసివేత


ప్రియమైన కుళాయి గారికి,

నీ ఉత్తరం మొత్తం వెతికాను. కుళాయి ఉంది, గొట్టం ఉంది, గోడ ఉంది, క్యాలెండరు ఉంది. నువ్వు మాత్రం లేవు. నేను అడిగిన ప్రశ్నకు జవాబు ఏ గోడలో పూడ్చావు?

సంఘం వచ్చి వెళ్లింది. మెచ్చుకున్నారు. మూడేళ్లకు సరే అన్నారు, కాగితం మీద సంతకం ఒక్కటే మిగిలింది. నెలాఖరున అందరినీ పిలిచి ప్రకటిస్తారు. నేనే మాట్లాడాలి. పెద్దాయన అందరికీ స్వీట్లు పంచారు, మోకాళ్ల నొప్పి మర్చిపోయి మేడ మెట్లు ఎక్కారు. పక్కగది అమ్మాయి నాతో ఫోటో తీయించుకుంది. నేను అందులో సరిగ్గా మొన్నటి జ్వరం మొహంతోనే ఉన్నాను.

సంఘంలో ఒకాయన, "ఈ భూమి వెలుగు పట్టిక నమ్మదగినదేనా?" అని అడిగారు. నేనే లేచి జవాబు చెప్పాను. ఇక ఎవరూ అడగరు. కాబట్టి నీ గదుల గురించి దిగులు పెట్టుకోకు. నువ్వు కూడా ఇప్పుడు ఆ పట్టికను కదపకు. ఎవరైనా అడిగితే వాడుతున్నారు, బాగుంది అని చెప్పి ఊరుకో. నేను చూసుకుంటాను.

గెలిచినవాళ్లకు నిద్ర పడుతుందంటారు. అదెవరో కనిపిస్తే అడగాలి. పడుకుంటే లెక్కలు, లేస్తే అభినందనలు. క్యాంటీన్‌లో అన్నం ముందు కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి చెయ్యి కలుపుతారు, అన్నం చల్లారిపోతుంది.

నామీద కోపమా? అసూయ పడ్డావా? పడితే పడ్డానని రాయి, అదైనా చదువుకుంటాను. మూడేళ్లు ఉండిపోతున్నాను. నీకు ఏమీ అనిపించడం లేదా?

ఎదురుచూస్తూ,
నీ దొరసాని


ప్రియమైన దొరసానికి,

కూర్చుని చదువు. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లు వెళ్లాక చదువు.

మీరు చూసింది ఆ గ్రహం హైడ్రోజన్ కాదు. మనది.

నా పట్టిక సూర్యుడు చల్లగా ఉన్న ఏళ్లలో కట్టింది. రెండేళ్లుగా సూర్యుడు ఉగ్రంగా ఉన్నాడు. మేడమీది నా పరికరంలో వచ్చిన అంకెలు తీసి లెక్క కట్టాను. పగటి వైపు మన వెలుగు బాగా పెరిగింది. రాత్రి వైపు పెద్దగా మారలేదు. అంటే మీరు పగటి వైపు చూసినప్పుడు తీసేయాల్సినంత తీసేయలేదు. మిగిలిపోయిన మన వెలుగు ఆ నక్షత్రం ఖాతాలో పడింది, అది ఉన్నదానికంటే ఎక్కువ వెలుగుతున్నట్టు కనిపించింది. రాత్రి వైపుకు వచ్చేసరికి ఆ మిగులు లేదు. మీకు నక్షత్రం మసకబారినట్టు కనిపించింది. డబ్బా బరువు పెరిగింది, మనం పాత బరువే తగ్గించుకుని నూనె ఎక్కువ వచ్చిందని సంబరపడ్డాం. లెక్క విడిగా నాలుగు కాగితాల్లో పెట్టాను. మీ మసక మొత్తం అందులోనే సరిపోతుంది. ఆ గ్రహం దగ్గర హైడ్రోజన్ లేదని నేననడం లేదు. ఉందో లేదో ఎవరికీ తెలియదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నీ జ్వరం ఉత్తరం వచ్చిన రోజే నాకు అనుమానం వచ్చింది. సెలవు పెట్టింది గోడ కోసం కాదు, ఈ లెక్క కోసం. కుళాయి గురించి రాసేటప్పటికి లెక్క పూర్తయింది. చెప్పలేకపోయాను.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను ఈ నిజం చెబితే నీ తొమ్మిదేళ్ల కష్టం కూలిపోతుంది, నువ్వు ఇంటికొస్తావు. చెప్పకపోతే నీకు పేరు వస్తుంది, నువ్వు అక్కడే ఉంటావు. నాకు లాభం తెచ్చే నిజాన్ని నేనే ఏ మొహంతో చెప్పను? రేపు నువ్వే అనుకోవచ్చు, నన్ను ఇంటికి లాక్కోవడానికి నా పని పడగొట్టాడని. నువ్వు అనుకోకపోయినా నేను అనుకుంటాను.

చివరికి భోజనం దగ్గర అత్తగారికి చెప్పేశాను. ఆవిడ, "చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ వ్యవహారం" అన్నారు. నేను నవ్వలేదు. అప్పుడు కంచం పక్కకు జరిపి, "చూడు బాబూ, అది నా కడుపున పుట్టింది, నాకు తెలుసు. ఓడిపోతే ఏడుస్తుంది, మళ్లీ లేచి అన్నం తింటుంది. పదిమంది ముందు లేనిది ఉందని చెప్పించావనుకో, నిన్ను జన్మలో క్షమించదు. ముందు ఉత్తరం రాయి. నీ మంచితనం తర్వాత చూసుకుందువుగాని" అన్నారు. అప్పుడే లేచి వచ్చి ఇది రాస్తున్నాను.

నాకేమీ అనిపించడం లేదా అని అడిగావు. అనిపిస్తుంది. రోజూ సాయంత్రం తాళం తీసేటప్పుడు అనిపిస్తుంది. కానీ ఇంటికి రా అని మాత్రం రాయను. ఇప్పుడు ఆ మాట రాస్తే ఈ లెక్క మీద నీకు నమ్మకం పోతుంది. లెక్కను లెక్కగానే చూడు.

తప్పు పట్టికదే అని చెప్పు. నా గదులు పోతే పోనీ.

నీవాడు


ప్రియమైన దొరసానికి,

ఉత్తరం అందిందని పోస్టాఫీసువాళ్లు చెప్పారు. ఆదివారం ఫోన్లో గోడ పూడ్చారా అని అడిగావు, పూడ్చారని చెప్పాను. అమ్మకు మాత్రలు మార్చారా అని అడిగావు, మార్చారని చెప్పాను. నువ్వు ఇంకేదైనా అంటావేమోనని ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాను. నువ్వూ పెట్టేయలేదు.

నెలాఖరు దగ్గరకొస్తోంది. తిట్టాలనుంటే తిట్టు. ఏదో ఒకటి రాయి.

నీవాడు


ప్రియమైన నీకు,

ఈ ఒక్క ఉత్తరంలో నిన్ను ఎగతాళి పేరుతో పిలవబుద్ధి కావడం లేదు.

నాలుగు కాగితాలూ చూశాను. నీ లెక్క సరైనదే. నాకు ముందే తెలుసు.

నువ్వు పగటి వైపా, రాత్రి వైపా అని అడిగావు చూడు, దానికి జవాబైతే రాసేశాను గానీ ఆ ప్రశ్న చెప్పులో ముల్లులా గుచ్చుతూనే ఉంది. జ్వరం తగ్గాక మా ఉపగ్రహం పాత చూపులన్నీ బయటికి తీశాను. ఏ నక్షత్రమూ లేని ఖాళీ ఆకాశం వైపు తిప్పి ఈ రెండేళ్లలో తీసినవి కొన్ని ఉన్నాయి. పగటి వైపు తీసిన వాటిలో నీ పట్టిక తీసేశాక కూడా అదే మిగులు. ఎవరూ లేని చోట కూడా ఆ వెలుగు ఉందంటే అది మనది కాక ఇంకెవరిది? నీ కుళాయి ఉత్తరం నా చేతికి వచ్చేసరికి నాకూ తెలుసు.

ఎందుకు చెప్పలేదంటావా? మా దగ్గర తప్పు దొరికితే, అదెలా జరిగిందని ఎవరూ అడగరు, ఎవరు చేశారని అడుగుతారు. అడిగితే వేళ్లన్నీ నీ పట్టిక వైపు తిరుగుతాయి. ఆ రెండు గదులు మూయడానికి ఒక సాకు కోసం మీవాళ్లు కాచుకుని కూర్చున్నారని నువ్వే రాశావు. పదిహేనేళ్లు నువ్వు మోసిన పనిని నా నోటితో తప్పని చెప్పలేకపోయాను. అందుకే సంఘం ముందు లేచి పట్టిక మంచిదేనన్నాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

నువ్వు నా పేరు పోతుందని దాచావు. నేను నీ గదులు పోతాయని దాచాను. ఇద్దరం ఒకరినొకరు కాపాడుకుంటూ, ఉన్నాయో లేవో తెలియని నీళ్లను లోకానికి చూపించబోయాం. నీ ఉత్తరం చదివి నవ్వాను. ఆ తర్వాత తలుపు గడియ పెట్టుకుని ఏడ్చాను. నీమీద కోపం కూడా వచ్చింది, అది నాకు నామీద రావాల్సిన కోపం. అందుకే ఆదివారం ఫోన్లో గోడ, మాత్రల సంగతే అడిగాను.

సోమవారం పొద్దున్నే నీ నాలుగు కాగితాలు, నా ఖాళీ ఆకాశం చూపులు పట్టుకుని పెద్దాయన గదికి వెళ్లాను. ఆయన అన్నీ చదివారు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఎవరిదమ్మా తప్పు?" అన్నారు.

"చల్లటి ఏళ్ల పట్టిక అని దాని మొదటి పేజీలోనే ఉంది సార్. వేడి ఏళ్లలో వాడింది మనం. కనిపెట్టింది ఆ పట్టిక కట్టినాయనే."

"మరి ఇన్నాళ్లూ మనం చూసింది?"

"మనల్నే సార్."

తిడతారనుకున్నాను. "రెండు టీలు చెప్పమ్మా" అన్నారు. ఇద్దరం తాగాం. ఆయన అంత ముసలాయన అని నాకు ఆ రోజే తెలిసింది.

ప్రకటన ఆపేశారు. మూడేళ్ల కాగితం మీద సంతకం పడలేదు. పక్కగది అమ్మాయి ఇంకా నాతో మాట్లాడుతోంది, ఫోటో మాత్రం గోడమీద నుంచి తీసేసింది. ఇక అసలు వింత విను. నిజం చెబితే నేను ఇంటికొచ్చేస్తానని కదా నువ్వు అంత మథనపడ్డావు? నిజం చెప్పాక నన్ను ఇంకా రెండేళ్లు ఉండమన్నారు. భూమి వెలుగుకు కొత్త పట్టిక కావాలట. ఉపగ్రహాన్ని ఆపకుండా మన భూమి పై అంచు వైపే తిప్పి ఉంచుతారట. ఆ పని నన్ను చూడమన్నారు.

ఒప్పుకోలేదు. "సొంత భూమిని చూడటానికి ఇల్లు వదిలి ఉండాలా సార్?" అన్నాను. ఆ అంకెలు నీకు పంపితే చాలని, మనిద్దరం అక్కడి నుంచే పట్టిక కడతామని చెప్పాను. చూద్దాం అన్నారు. ఆఫీసులో చూద్దాం అంటే అర్థమేమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి నీ గదులు ఉంటాయో ఊడతాయో తెలియదు, నా ఉద్యోగం మాత్రం నేనే ఊడగొట్టుకున్నాను. మరీ కష్టమైతే ఇద్దరం అమ్మ పింఛను మీద పడదాం. ఆవిడ ఎలాగూ మనల్ని చిన్నపిల్లల కిందే లెక్కేస్తుంది.

ఆ గ్రహం గురించి బాధ ఉంది. లేదని అబద్ధం చెప్పను. దానికి నేను మనసులో ఒక పేరు కూడా పెట్టుకున్నాను.

ఇంటికి రా అని రాయను అని రాశావు. పెట్టెలోంచి నీ ఉత్తరాలన్నీ తీసి చూశాను. తొమ్మిదేళ్లలో ఆ మాట నీ చేత్తో రాయడం అదే మొదటిసారి. పక్కన రాయను అని ఉంటే ఉండనీ, నేను దాన్ని తీసేసి మిగిలింది చదువుకున్నాను. నేను మాత్రం తక్కువ తిన్నానా? వస్తానని ఒక్కసారి కూడా రాయలేదు. నిలబడకపోతే వస్తాను, ఆపేస్తే వస్తాను అంటూ నా రాకను ఎప్పుడూ వేరేవాళ్ల చేతిలో పెట్టాను.

ఇవాళ టికెట్ తీసుకున్నాను. ఎప్పుడొచ్చినా రానూపోనూ కలిపే తీసుకుంటాను కదా, కౌంటర్లో ఆవిడ నన్ను గుర్తుపట్టి, "తిరుగు ప్రయాణం ఎప్పటికి వేయమంటారు?" అని అడిగింది. వద్దండి అన్నాను. ఆవిడకు వినపడలేదు, మళ్లీ అడిగింది. ఈసారి గట్టిగా చెప్పాను, వరుసలో ఉన్నవాళ్లందరూ నావైపు చూసేంత గట్టిగా. టికెట్ తీసుకుని పక్కకు జరిగి, ఆ గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాను. నా చేతిలో ఒక్కటే కాగితం ఉంది.

శుక్రవారం పొద్దున దిగుతాను.

నీ దొరసాని